అరిగిన ఇనుముకి గట్టి పొర వేసే ముందు

రాళ్లు పిండి చేసే క్రషర్‌లో రాయిని నమిలే జా ప్లేటు తెచ్చినవాళ్లూ, ట్రాక్టరు కర్రు తెచ్చినవాళ్లూ షెడ్డులో అడుగు పెట్టగానే అడిగే మాట ఒకటే. "ఏ రాడ్డు వేస్తావు మేస్త్రీ?" నేను తిరిగి అడిగేదీ ఒకటే. "దీన్ని ఏది తినేసింది బాబూ?" చాలామంది ఆ ప్రశ్నకి తెల్లబోతారు. అరిగిపోయింది, పొర వేసి పంపించు, అంతే కదా అంటారు. కానీ ఇసుక తిన్న ఇనుముకీ, రాయి కొట్టిన ఇనుముకీ ఒకే రాడ్డు వేస్తే రెండింట్లో ఒకటి వారం తిరక్కుండా వెనక్కి వస్తుంది. ఆ తేడా కనిపెట్టడం వస్తే హార్డ్ ఫేసింగ్‌లో, అంటే అరిగిన ముఖం మీద వెల్డింగ్ రాడ్డుతో గట్టి పొర వేసే పనిలో, సగం వచ్చినట్టే. మిగతా సగం వేడి.

మాది గుణుపురం. రాయగడ జిల్లాలో వంశధార ఒడ్డున ఉంది. ఇరవై ఆరేళ్లుగా ఇక్కడే షెడ్డు నడుపుతున్నాను. ఒడియా, తెలుగు, సవర మూడూ మా గుమ్మంలో వినిపిస్తాయి. అవతల ఆంధ్రలోని భామిని నుంచి రైతులు వస్తారు, ఇవతల కొండల్లోని క్రషర్ల నుంచి ట్రాలీల్లో ప్లేట్లు వస్తాయి. రైసు మిల్లుల బ్లోయర్ రెక్కలు, నూనె మిల్లు ఎక్స్‌పెల్లర్ వార్మ్‌లు, ఇటుక మిషన్ స్క్రూలు, ప్రొక్లెయిన్ బకెట్ పళ్లు, అన్నీ చూశాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే తమ్ముళ్ల కోసం, నా చేతికి తెలిసిందంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు అరిగిన ముఖం చూడండి

గ్రైండర్ పట్టకముందే బట్టతో మట్టి తుడిచి, ఆ ముఖాన్ని ఎండలోకి తిప్పి చూడాలి. వేలితో తడమాలి. ఇసుక, మట్టి రాసుకుని అరిగిన ముఖం నున్నగా మెరుస్తుంది. దగ్గరగా చూస్తే ఒకే దిక్కుకి సాగిన సన్నని గీతలు కనిపిస్తాయి. దుక్కిలో తిరిగిన కర్రు ఇలాగే ఉంటుంది. దెబ్బలు తిన్న ముఖం వేరు. అంచులు బయటికి పొర్లి ఉంటాయి, గుంటలు పడతాయి, ఒక్కోచోట పెచ్చు లేచిపోయి లోపలి గరుకు బయటపడుతుంది. ఏళ్ల తరబడి సుత్తి దెబ్బలు తిన్న ఉలి తల ఎలా విచ్చుకుంటుందో క్రషర్ హామర్ అంచు అలా ఉంటుంది. ఇనుముతో ఇనుము రాసుకునే ట్రాక్ రోలర్ల మీద, పిన్నుల మీద గీతలు లోతుగా, చీరేసినట్టు ఉంటాయి. బ్లోయర్ రెక్కల మీద గాలిలో కొట్టుకొచ్చిన ఊక ఇసుక తిన్నె మీది అలల్లాంటి ముడతలు పెడుతుంది.

ఇంత పట్టింపు ఎందుకో చెబుతాను. ఇసుక అంటే ఎక్కువ భాగం క్వార్ట్జ్ అనే గట్టి ఖనిజం. దాని గట్టిదనం విక్కర్స్ లెక్కలో 1000 పైచిలుకు. ఉక్కుని ఎంత బాగా నీళ్లు పోసి గట్టిపరిచినా 800-900 దగ్గర ఆగిపోతుంది. అంటే ఇసుక ముందు ఉక్కు ఎప్పుడూ మెత్తనిదే, గీతలు పడకుండా ఎలా ఉంటుంది? క్రోమియం, కార్బన్ కలిసి కట్టే క్రోమియం కార్బైడ్ గింజల గట్టిదనం 1500 దాకా ఉంటుంది. అలాంటి గింజలే ఇసుకని ఎదిరించి నిలబడతాయి. మా తూర్పు కనుమల్లో ఖొండలైట్ అనే రాయి విరివిగా దొరుకుతుంది, ఇక్కడి ఖొండు గిరిజనుల పేరు మీదే దానికి ఆ పేరు పెట్టారు. అందులో క్వార్ట్జ్‌తో పాటు గార్నెట్ కూడా ఉంటుంది, రెండూ ఉక్కుని గీసేవే. ఊక సంగతి కూడా ఇంతే. చేతిలోకి తీసుకుంటే గాలికి ఎగిరిపోయే ఊక ఇనుమునేం చేస్తుందిలే అనుకుంటాం. దాన్ని కాలిస్తే దాదాపు అయిదో వంతు బూడిద మిగులుతుంది, ఆ బూడిదలో చాలా భాగం సిలికా. రైసు మిల్లు బ్లోయర్ తింటున్నది మెత్తటి ఇసుకే.

అయితే గట్టిదనం, దెబ్బకి తట్టుకునే ఓర్పు రెండూ ఒకే పొరలో నిండుగా దొరకవు. క్రోమియం కార్బైడ్ పొర ఇసుక మీద రాజు, రాయి దెబ్బకి గాజు. అందుకే నా అల్మరాలో మూడు రకాల రాడ్లు విడివిడిగా ఉంటాయి. మొదటిది క్రోమియం కార్బైడ్ రాడ్డు. క్రోమియం 25-30 శాతం, కార్బన్ 3-5 శాతం, పొర గట్టిదనం రాక్‌వెల్ సీ అనే ఇంకో లెక్కలో 55-62. ఇసుకకి, మట్టికి, ఊకకి ఇదే. రెండోది తక్కువ క్రోమియం ఉండే గట్టి ఉక్కు రాడ్డు, 50-58 దాకా వస్తుంది. రాపిడీ ఓ మోస్తరు దెబ్బా కలిసి ఉన్నచోట వాడతాను. మూడోది మాంగనీసు రాడ్డు. వేసినప్పుడు మెత్తగా ఉండి, దెబ్బలు తింటూ తింటూ గట్టిపడుతుంది. కోబాల్ట్‌తో చేసే స్టెల్లైట్ కూడా ఉంది, 1907లో అమెరికాలో ఎల్వుడ్ హేన్స్ పేటెంట్ తీసుకున్నాడు. ఎర్రగా కాలే వాల్వు సీట్ల లాంటి వాటికి అది. మా ఊరి పనికి దాని అవసరం రాదు.

ఒక మాట ఆనందంగా చెప్పుకుంటాను. ఈ రాడ్లలోకి క్రోమియం, ఇనుముతో కలిసిన ఫెర్రోక్రోమ్ రూపంలో వెళుతుంది. దేశంలోని క్రోమైట్ (క్రోమియం ఖనిజం) నిల్వల్లో ఇంచుమించు అంతా ఒడిశాలోనే, సుకిందా లోయ చుట్టూ ఉంది. మా రాయగడ జిల్లా తేరుబలిలోనే ఫెర్రోక్రోమ్ కొలిమిలు ఉన్నాయి. రాడ్డు ప్యాకెట్టు విప్పినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది.

ఇనుము ఏదో తేల్చుకోండి

అరుగుదల ఏదో తెలిసింది. ఇప్పుడు కింద ఉన్న లోహం ఏదో తెలియాలి. దీనికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. పాత స్పీకర్ అయస్కాంతం, గ్రైండర్, ఆకురాయి చాలు.

అయస్కాంతం అంటుకోకపోతే, ముక్క క్రషర్‌ది అయితే, అది మాంగనీసు ఉక్కు. పైచర్మానికి కొంచెం అంటుకున్నట్టు అనిపించవచ్చు, ఒక చోట గ్రైండర్‌తో పైపొర తీసి మళ్లీ పెట్టి చూడండి. అంటుకుంటే గ్రైండర్ రవ్వలు చూడాలి. షెడ్డు తలుపు సగం మూసి నీడలో చూస్తే బాగా తెలుస్తుంది. మామూలు మెత్తటి ఇనుము రవ్వలు పొడుగ్గా, పసుపుగా, పెద్దగా చీలకుండా పోతాయి. కార్బన్ పెరిగేకొద్దీ రవ్వలు పొట్టివై, చివర్లు కాకరపువ్వొత్తిలా పూలు పూస్తాయి. పోత ఇనుము రవ్వలు రాయి దగ్గర ఎర్రగా మొదలై కొద్ది దూరంలోనే ఆరిపోతాయి. ఇంట్లో పడి ఉన్న తెలిసిన ముక్కలు, ఒక ఎం.ఎస్. (మెత్తటి ఇనుము) రాడ్డు, ఒక స్ప్రింగు పట్టీ, ఒక పాత పోత ఇనుము పుల్లీ పక్కన పెట్టుకుని, కొత్త ముక్కతో పోల్చి చూసుకుంటే పొరపాటు పడరు.

ఆకురాయి జారిపోతే ఆ ఇనుము ముందే గట్టిపరిచినది. అలాంటి దానికి వేడి చేయకుండా వెల్డింగ్ పెడితే అంచు వెంట పగులుతుంది.

మాంగనీసుకి వేడి పడదు

ఇక్కడ నా సొంత అనుభవం చెప్పాలి, ఎందుకంటే దీనికి పోయింది నా డబ్బు కాదు, ఇంకొకరిది. షెడ్డు పెట్టకముందు ఒక క్రషర్‌లో కూలికి వెల్డింగ్ చేసేవాణ్ని. జా ప్లేటు అరిగింది, రాత్రికి రాత్రే మళ్లీ బిగించాలన్నారు. నాకు అప్పటికి తెలిసిన పాఠం ఒకటే: గట్టి ఇనుము కనిపిస్తే ముందు వేడి చెయ్యి. గ్యాస్ బర్నర్ పెట్టి ప్లేటు మొత్తం కాల్చాను. ఆగకుండా ఒకే చోట రాడ్డు మీద రాడ్డు వేశాను. తెల్లారేసరికి పొర చూడ్డానికి ఎంతో అందంగా ఉంది. మూడో రోజు ప్లేటు అడ్డంగా రెండు ముక్కలైంది. విరిగిన చోట లోపల పంచదార పలుకుల్లా గింజలు మెరిశాయి. ఆ విరుపు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టే ఉంటుంది.

ఎందుకు విరిగిందో తర్వాత తెలుసుకున్నాను. మాంగనీసు ఉక్కుని ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ 1882లో కనిపెట్టాడు. మాంగనీసు 11-14 శాతం, కార్బన్ 1 శాతం పైన ఉంటుంది. ఫౌండ్రీలో దాన్ని 1000 డిగ్రీలు దాటించి నీళ్లలో ముంచుతారు. మామూలు ఉక్కు అలా ముంచితే పెళుసైపోతుంది, ఇది మాత్రం సాగే గుణం తెచ్చుకుంటుంది. కార్బన్ అంతా లోపల కరిగి ఉండిపోతుంది. మళ్లీ 260 డిగ్రీలు దాటి ఎక్కువసేపు వేడెక్కితే ఆ కార్బన్ గింజల సరిహద్దుల్లోకి వచ్చి కార్బైడ్‌గా పేరుకుంటుంది. గోడలో ఇటుకలు బాగానే ఉండి, మధ్య సున్నం రాలిపోయినట్టు అవుతుంది. నేను ఆ రాత్రి బర్నర్‌తో చేసింది అదే.

ఇప్పుడు ఇలా చేస్తాను. ప్లేటుని ఇనుప తొట్టెలో పెట్టి, పనిచేసే ముఖం మాత్రం పైకి తేలేలా నీళ్లు పోస్తాను. ముఖం పొడిగా ఉండాలి. నేను పొడి చెక్క బల్ల మీద నిలబడతాను, పొడి గ్లవ్స్, రబ్బరు అడుగు బూట్లు తప్పనిసరి. ఎర్త్ క్లాంపు ప్లేటుకే నేరుగా గట్టిగా బిగించాలి. నీళ్లూ కరెంటూ కలిసిన చోటు కాబట్టి ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా ఆ పని మొదలుపెట్టకండి. తొట్టె లేకపోతే పొట్టి బీడ్లు (రాడ్డు కరిగి పడే వెల్డింగ్ గీతలు) వేసి, దూరదూరంగా చోటు మారుస్తూ, మధ్యలో ఆపుతూ చేయండి. బీడ్ నుంచి జానెడు దూరంలో ఉత్త చెయ్యి ఆన్చి ఉంచగలగాలి. ఉంచలేకపోతే టీ తాగి రండి.

వెల్డింగ్‌కి ముందు ఇంకో పని ఉంది. వాడిన ప్లేటు పైపొర దెబ్బలకి గట్టిపడి, సన్నని పగుళ్లతో ఉంటుంది. రెండు మూడు మిల్లీమీటర్లు గ్రైండ్ చేసి అది తీసేయాలి. పగుళ్లు లోతుగా ఉంటే అడుగు దాకా తవ్వి 309 స్టెయిన్‌లెస్ రాడ్డుతో పూడ్చాలి. ఆ తర్వాత మాంగనీసు రాడ్డు. ప్రతి బీడ్ వేసిన వెంటనే, ఇంకా వేడిగా ఉండగానే, గుండ్రటి మొన సుత్తితో టకటకా కొట్టాలి. బీడ్ చల్లారుతూ ముడుచుకుంటే లోపల లాగుడు పుడుతుంది, ఈ దెబ్బలు దాన్ని సడలిస్తాయి. మాంగనీసు రాడ్డుని మామూలు ఇనుము మీద నేరుగా వేయకండి. రెండూ కలిసిన చోట పెళుసు పట్టీ ఏర్పడి పొర మొత్తం ఊడి వస్తుంది. కింద 309 ఒక పొర వేస్తే ఇబ్బంది లేదు.

ఒక బకెట్ పన్ను, మొదటి నుంచి

ప్రొక్లెయిన్ పన్ను ఒకటి తీసుకుందాం. పన్ను ఎక్కడ తవ్వుతుందో అడగండి. ఇసుకలో తవ్వేదైతే క్రోమియం కార్బైడ్. క్వారీలో రాయి కెలికేదైతే రెండో రకం గట్టి ఉక్కు రాడ్డు. ఒకే కంపెనీ పన్ను, ఒకే సైజు, అయినా రాడ్డు వేరు.

పన్నుని బకెట్‌కి పట్టి ఉంచే అడాప్టర్ నుంచి ఊడదీసి, గ్రీజు, తుప్పు, పెయింటు పోయే దాకా గ్రైండ్ చేయాలి. పాత హార్డ్ పొర మిగిలి ఉంటే దాన్ని పూర్తిగా తీసేయాలి. పాత పొర మీద కొత్త పొర వేసి పంపించే మేస్త్రీలని చూశాను. కింది పొర అప్పటికే పగుళ్లతో ఉంటుంది కాబట్టి రెండూ కలిసే పెచ్చుగా లేస్తాయి. తీయడానికి గంట పడుతుంది, ఆ గంట కూలి ముందే అడిగి తీసుకోండి.

తర్వాత వేడి. బకెట్ పళ్లు గట్టిపరిచిన ఉక్కుతో వస్తాయి కాబట్టి 150-200 డిగ్రీల దాకా నెమ్మదిగా, అన్ని వైపులా సమంగా కాల్చాలి. టెంపరేచర్ చాక్ (ఫలానా వేడికి కరిగే సుద్ద) ఉంటే గీసి చూడండి. లేకపోతే నీళ్ల చుక్క వేయండి. చుక్క అక్కడే సుయ్యిమని ఆవిరైతే ఇంకా చాలదు. గోళీలా దొర్లుతూ పరుగెడితే 200 దగ్గరికి వచ్చింది. నీలం రంగు తేలిందంటే 300కి చేరిపోయింది, ఆగండి.

అరిగిన ఆకారాన్ని నింపడం హార్డ్ రాడ్డు పని కాదు. చాలా డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. నింపడానికి 7018 అనే మామూలు ఉక్కు రాడ్డు వాడాలి. అసలు సైజుకి ఆరు మిల్లీమీటర్లు తక్కువ దాకా దానితో కట్టి, మిగిలిన ఆరులో హార్డ్ పొరలు రెండు వేయాలి, ఒక్కోటి మూడు మిల్లీమీటర్లు. 7018 తడి పీల్చే రాడ్డు. మా దగ్గర శ్రావణం, భాద్రపదం వచ్చాయంటే విప్పిన ప్యాకెట్టు కొన్ని గంటల్లోనే చెమ్మ ఎక్కుతుంది. చెక్క పెట్టెలో బల్బు వెలిగించి పెట్టుకోవడం మంచిదే, కానీ అది పొడిగా ఉన్న రాడ్డుని పొడిగా ఉంచుతుంది, అంతవరకే. ఒకసారి చెమ్మ ఎక్కితే ఓవెన్‌లో 300-350 డిగ్రీల దగ్గర గంట నుంచి రెండు గంటలు కాల్చాల్సిందే. ఆ తడిలోని హైడ్రోజన్ ఇనుములోకి దూరి, మర్నాడో ఆ మర్నాడో బీడ్ కింద పగులు తెస్తుంది. పని అప్పగించేటప్పుడు ఏమీ కనిపించదు.

ఇప్పుడు హార్డ్ రాడ్డు. 4 మిల్లీమీటర్ల రాడ్డుకి 140-170 ఆంపియర్లు, ప్యాకెట్టు మీద రాసి ఉన్నదానికే మొదటి మాట. కరెంటు ఎక్కువ పెడితే బీడ్ అందంగా పరుచుకుంటుంది, కానీ కింది ఇనుము ఎక్కువ కరిగి పొరలో కలిసిపోతుంది. మామూలుగానే మొదటి పొరలో పాతిక, ముప్పై శాతం కింది ఇనుమే ఉంటుంది. చిక్కటి మజ్జిగలో నీళ్లు పోసినట్టు. అందుకే మొదటి పొర ఎప్పుడూ రాడ్డు అసలు బలం చూపించదు, రెండో పొరలో చూపిస్తుంది. మూడో పొర వేద్దామని ఆశ పుడుతుంది. క్రోమియం కార్బైడ్‌కి మాత్రం రెండు చాలు. మందం పెరిగితే దెబ్బకి పెచ్చులుగా ఎగిరిపోతుంది.

బీడ్లు ఏ దిక్కున వేయాలన్నది కూడా తినే సరుకే చెబుతుంది. పెద్ద రాళ్లు జారే చోట, రాయి కదిలే దిక్కునే పొడుగ్గా బీడ్లు వేయండి. రాయి పట్టాల మీద బండిలా బీడ్ల మీద జారిపోతుంది, మధ్య ఇనుముని తాకదు. ఇసుక, మెత్తటి మట్టి అయితే అడ్డంగా వేయండి. బీడ్ల మధ్య గాడిలో మట్టి ఇరుక్కుని, అక్కడే గట్టిగా కూరుకుపోతుంది. ఆ తర్వాత మట్టి మీద మట్టే రాసుకుంటుంది. రాయీ మట్టీ కలిసి ఉంటే ఐమూల గీతలతో గళ్లు పెట్టాలి, వాకిట్లో గళ్ల ముగ్గు వేసినట్టు, గీతకీ గీతకీ వేలి వెడల్పు ఖాళీ ఉంచి. మొత్తం ముఖాన్ని కప్పేయాల్సిన పనిలేదు. రాడ్లు మిగులుతాయి, వేడి తగ్గుతుంది, పని కూడా బాగుంటుంది. మా మేనల్లుడు పనిలోకి వచ్చిన కొత్తలో సుద్దతో ముందు గళ్లు గీయించి, తర్వాతే రాడ్డు పట్టే హోల్డర్ చేతికిచ్చేవాణ్ని.

పొర చల్లారుతుంటే టిక్, టిక్ అని చప్పుడు వస్తుంది. మొదటిసారి విన్నవాళ్ల గుండె ఆగిపోతుంది. చూస్తే బీడ్‌కి అడ్డంగా సెంటీమీటరుకో రెండు సెంటీమీటర్లకో ఒక వెంట్రుక పగులు ఉంటుంది. క్రోమియం కార్బైడ్ పొరకి అది సహజం. పొర సాగలేదు కాబట్టి ముడుచుకునేటప్పుడు అలా పగిలి ఒత్తిడి వదిలించుకుంటుంది. ఓనరు చూసి గొడవ పెట్టుకోకముందే మీరే చూపించి చెప్పేయండి. అయితే బీడ్ పొడుగునా సాగిన పగులు, అంచు దగ్గర గోరు దూరే సందు, ఈ రెండూ కనిపిస్తే మాత్రం పని చెడింది. తీసి మళ్లీ వేయాలి.

పని అయ్యాక పన్నుని నేల మీద పడేయకండి, గాలికి పెట్టకండి, నీళ్లలో అసలే ముంచకండి. మాంగనీసుకి మంచి చేసిన నీళ్లు దీనికి చేటు. మా షెడ్డు మూలన పాత డ్రమ్ము నిండా ఊక బూడిద ఉంటుంది, మిల్లు బాయిలర్ నుంచి ఉచితంగా తెచ్చుకుంటాం. వేడి పన్నుని అందులో పూర్తిగా పూడ్చిపెడితే మర్నాడు పొద్దున తీసినప్పుడు కూడా గోరువెచ్చగా ఉంటుంది. బ్లోయర్‌ని తినేసే సిలికానే ఇక్కడ వేడిని పట్టి ఉంచుతుంది. స్టీలు ఫ్యాక్టరీల్లో కూడా కరిగిన ఉక్కు మీద వేడి పోకుండా ఈ బూడిదే చల్లుతారు. బూడిద పూర్తిగా పొడిగా ఉండాలి, పోసేటప్పుడు ముక్కుకి మాస్కు కట్టుకోవాలి.

కర్రు, రోటావేటర్ బ్లేడు, బ్లోయర్

భామిని నుంచి వచ్చిన ఒక పెద్దాయన కర్రులు దించి, "రెండు పక్కలా మందంగా వెయ్యి బాబూ, డబ్బులకి చూడకు" అన్నాడు. ఒక పక్కే వేస్తానన్నాను. నమ్మకం కుదరలేదు ఆయనకి. ఎలుక పన్ను గురించి చెప్పాను. ఎలుక ముందు పళ్లకి ఎనామిల్ అనే గట్టి పొర ముందు వైపే ఉంటుంది, వెనక మెత్తనిది. కొరికేకొద్దీ వెనకది ముందు అరిగి, ముందు పొర ఉలిలా నిలబడుతుంది, అందుకే ఎలుక పన్ను ఎప్పుడూ పదునే. కర్రుకీ అంతే. కింది ముఖం అంచు వెంట ఒక్క బీడ్ వేస్తే, పైనున్న మెత్తటి ఇనుముని మట్టి అరగదీస్తూ ఉంటుంది, కింది గట్టి అంచు సన్నగా మిగులుతుంది. రెండు పక్కలా వేస్తే అంచు గుండ్రంగా తయారై, నేలలోకి దిగక ట్రాక్టరు డీజిల్ ఎక్కువ తాగుతుంది. తర్వాతి దుక్కికి ఆయన మళ్లీ మిగతా కర్రులన్నీ తెచ్చి ఇచ్చాడు.

కర్రు అంచు సన్నం కాబట్టి 3.15 మిల్లీమీటర్ల రాడ్డు, తక్కువ కరెంటు. రోటావేటర్ బ్లేడు గట్టిపరిచిన ఉక్కు, ఎక్కువ వేడి తగిలితే మెత్తబడి వంగిపోతుంది. ఒక పొట్టి బీడ్ వేసి పక్క బ్లేడుకి వెళ్లిపోవాలి, ఆరేడు బ్లేడ్లు వరసగా పెట్టుకుని చేస్తే చల్లారే సమయం దానంతటదే దొరుకుతుంది. బోల్టు రంధ్రాల వైపు వెళ్లకండి.

బ్లోయర్ రెక్కలకీ, హామర్ మిల్లు సుత్తులకీ బరువు ముఖ్యం. ఎదురెదురు రెక్కలకి రాడ్లు లెక్కపెట్టి సమానంగా వేయాలి, తర్వాత తూచాలి. పది గ్రాముల తేడా కూడా ఆ వేగంలో బేరింగుని తినేస్తుంది. రెక్క మరీ పల్చగా ఉంటే వెల్డింగ్ మానేసి, 6 మిల్లీమీటర్ల ఇనుము మీద 4 మిల్లీమీటర్ల క్రోమియం కార్బైడ్ వేసి అమ్మే ప్లేటు తెప్పించి బోల్టులతో బిగించమని చెబుతాను. ఆ ప్లేటుని గ్యాస్‌తో కోయలేరు, ప్లాస్మా కటింగ్ మిషన్ ఉన్న చోటికి పంపించి కోయించుకోవాలి.

పొగ

హార్డ్ రాడ్ల పొగ మామూలు రాడ్డు పొగ కాదు. అందులో క్రోమియం విషపు రూపమైన హెక్సావేలెంట్ క్రోమియం ఉంటుంది, అది ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుంది. మాంగనీసు పొగ ఏళ్ల తరబడి పీలిస్తే నరాలని పట్టుకుంటుంది, చేతులు వణుకుతాయి, నడక మారిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కిందున్న క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో వెల్డింగ్ పొగ మొత్తాన్నీ మనుషులకి క్యాన్సర్ తెచ్చే వాటి జాబితాలో చేర్చింది. మొహానికి తువ్వాలు చుట్టుకుంటే ఇవేవీ ఆగవు. వెల్డింగ్ పొగకి తగిన ఫిల్టర్ మాస్కు కొనుక్కోండి. పెడెస్టల్ ఫ్యాను మీ వీపు వైపు కాకుండా పక్క నుంచి, పొగ మీ మొహానికి దూరంగా పోయేలా పెట్టండి. పొగ పైకి లేచే దారిలో తల పెట్టకండి. మా షెడ్డులో మాస్కు లేకుండా ఎవరూ హోల్డర్ ముట్టుకోరు, మా మేనల్లుడైనా సరే. పొర చల్లారేటప్పుడు చిన్న పెచ్చులు చిటపటమని ఎగురుతాయి, కాబట్టి హెల్మెట్ తీసినా కళ్లజోడు తీయకండి.

ఏవి తిప్పి పంపించాలి

షాఫ్టులు, యాక్సిళ్లు, క్రేను కొక్కేలు, స్టీరింగు భాగాలు తెస్తే క్రోమియం కార్బైడ్ వేయను. పొరలోని ఆ వెంట్రుక పగుళ్లే కింది ఇనుములోకి దారి చూపిస్తాయి, బరువు మోసేటప్పుడు విరిగితే కింద మనిషి ఉంటాడు. పోత ఇనుము ముక్కలకి ముందు నికెల్ రాడ్డు పొర వేయాలి, అంత ఖర్చు పెట్టే కంటే కొత్తది కొనమంటాను. సగానికి పైగా అరిగిపోయిన పన్నుకి 7018తో కొండంత కట్టి పైన పొర వేయడం కంటే కొత్త పన్ను తెచ్చి, కొత్తగా ఉండగానే దాని మీద పొర వేయించడం లాభం. ఈ మాట చెబితే పని పోతుందని భయపడకండి, ఆ ఓనరు కొత్త పళ్ల సెట్టుతో మీ దగ్గరికే వస్తాడు.

పని అప్పగించేటప్పుడు ముక్క పక్కన, అరగని చోట, తేదీ పంచ్ కొట్టండి. ఏ రాడ్డు, ఎన్ని రాడ్లు, ఏ పనిలో తిరుగుతుంది, నోటు పుస్తకంలో రాసుకోండి. ఓనరుకి బీడ్ గళ్లు చూపించి చెప్పండి: రోజూ సాయంత్రం బండి ఆపాక మట్టి దులిపి చూసుకో, గళ్లు చదునైపోయి గీతలు కనిపించడం మానేస్తే మర్నాడే తీసుకురా. అప్పుడైతే కింది ఇనుము ఇంకా ముట్టుకోబడి ఉండదు, 7018 అవసరమే పడదు, ఒక పూటలో రెండు పొరలు వేసి పంపించేయవచ్చు.